ఫూ క్వాక్ దీవిలో నేను వేసిన పూలజడ

ఆ రోజుల్లో ఎండ కోసం మొహం వాచి ఉండేవాళ్ళం. చీరాలలో పుట్టి, ఏప్రిల్ వస్తే కిటికీలకి తడిపిన గోనెపట్టాలు కట్టుకుని ఎండల్ని తిట్టుకుంటూ పెరిగిన మనిషిని నేను. ఐర్లండ్ వచ్చిన రెండో చలికాలానికల్లా, వంటింటి నేలమీద చాపంత వెలుగు పడితే అందులో కుర్చీ వేసుకుని, వెలుగు జరిగినకొద్దీ కుర్చీ జరుపుకుంటూ కూర్చునే స్థితికి వచ్చాను. సాయంత్రం నాలుగింటికే చీకటి. వాన పడుతోందా లేదా అని అక్కడ ఎవరూ అడగరు, ఏ రకం వాన అని అడుగుతారు. అలాంటి చలికాలం ఒకటి తప్పించుకోవడానికని మేం ముగ్గురం వియత్నాం వెళ్ళిన సంగతి ఇది. ఇప్పుడు తలుచుకుంటే, ఆ వయసులో ఉన్న ధైర్యమూ తెలివితక్కువతనమూ రెండూ ఒకే డబ్బాలో పోసి ఉంచినట్టుండేవి, ఏది కావాలని చెయ్యిపెట్టినా రెండోది కూడా వచ్చేది.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. అత్లోన్‌లో ఒక నర్సింగ్ హోంలో నర్సుని. (మన దగ్గర నర్సింగ్ హోం అంటే చిన్న ఆసుపత్రి. ఇక్కడ వయసు మళ్ళినవాళ్ళు ఉండే ఇల్లు.) నాతోపాటు అదే ఇంట్లో ఇంకో ఇద్దరు నర్సులు ఉండేవాళ్ళు. ఒకావిడ రాజమండ్రి మనిషి, నాకన్నా పదేళ్ళు పెద్ద. ఊరు ఏదైనా సరే చేతిసంచీలో కొబ్బరినూనె సీసా, జ్వరం మాత్రలు, సూదీ దారం లేనిదే గడప దాటదు. ఆవిడని పెద్దక్క అనేవాళ్ళం. రెండోది మా అందరిలోకీ చిన్నది. నల్గొండ నుంచి వచ్చి ఆరు నెలలైంది. పేరుకన్నా ఊరే అందరికీ గుర్తుండటంతో దాని పేరు నల్గొండ అయిపోయింది. పిలిస్తే అదీ పలికేది.

దీవిని ఎంచింది పెద్దక్క. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి, తడిసిన బూట్లు విప్పకుండానే ఫోనులో ఒక బొమ్మ చూపించింది. తెల్లటి ఇసుక, సముద్రం మీదికి వంగిన కొబ్బరిచెట్టు, దానికి కట్టిన ఉయ్యాల. వియత్నాంలో ఫూ క్వాక్ అనే దీవి అట.

"కొబ్బరిచెట్టు చూడ్డానికి వియత్నాం దాకా ఎందుకక్కా? మీ కోనసీమలో లేవా?" అన్నాను.

"కోనసీమకెళ్తే కొబ్బరిచెట్టుకో చుట్టం ఉంటాడే. అక్కడైతే మనల్ని ఎరిగినవాళ్ళెవరూ ఉండరు" అంది పెద్దక్క.

నల్గొండకి ఈ చర్చ అక్కర్లేకపోయింది. "నేనింతవరకు సముద్రమే జూడలే అక్కా. నల్గొండల లేదు, హైదరాబాదుల లేదు, ఈడికొస్తే అత్లోన్ల గూడ లేకపాయె. యాడికైనా సరే, నేనొస్త" అంది.

ముగ్గురికీ ఒకేసారి సెలవు దొరకడానికి ఎన్ని ఆదివారాలు ఎవరి బదులు పని చేశామో చెబితే అదో కథ. మొత్తానికి ఫిబ్రవరిలో విమానం ఎక్కాం. ఎక్కి బెల్టు పెట్టుకున్నాక పెద్దక్క ఒక చట్టం ప్రకటించింది. ఈ ఎనిమిది రోజులూ మనం నర్సులమని ఎవరికీ చెప్పకూడదు. దానికి కారణం ఉంది. అత్లోన్‌లో నర్సు అన్న మాట చెవిన పడితే చాలు, ఎదుటివాళ్ళు ప్యాంటు మోకాలి దాకా మడుస్తారు. బస్‌స్టాపులో బీపీ మాత్రల చీటీలు చూపిస్తారు. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక, చర్చి గుమ్మంలోనే ఒక పెద్దాయన మేజోడు విప్పి కాలివేలు నా ముందు పెట్టాడు. (జీపీ అనే ఊరి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ దొరికేసరికి వేలు ఉంటుందో ఊడుతుందో అని ఆయన బాధ.) అందుకని పెద్దక్క తనకి తను లెక్కల టీచరు ఉద్యోగం ఇచ్చుకుంది. నల్గొండ, "నేను సాఫ్ట్‌వేర్ అని చెప్త. డబ్లిన్ల లెపర్డ్స్‌టౌన్ల ఆఫీసు. మా చిన్నమ్మ కొడుకు ఆడనే జేస్తడు" అంది. నాకు ఏదీ తోచలేదు. అవసరమైనప్పుడు చూసుకుందాంలే అనుకున్నాను. ఆ 'చూసుకుందాంలే'తోనే నా కొంప మునిగింది.

దీవిలో విమానం దిగగానే వేడిగాలి వచ్చి మొహానికి తువ్వాలులా చుట్టుకుంది. ముగ్గురం అక్కడే నిలబడిపోయాం, వెనక దిగేవాళ్ళు విసుక్కునేదాకా. హోటల్‌కి వెళ్ళే దారిలో చేపల పులుసునీరు ఊరబెట్టే చోటు ఒకటి దాటాం. ఆ దీవికి దానితోనే పేరు. పెద్ద పెద్ద చెక్క పీపాల్లో చిన్నచేపల్ని ఉప్పేసి నెలల తరబడి ఊరబెడతారు. వ్యానులో మిగతావాళ్ళు ముక్కు మూసుకున్నారు. నాకు మాత్రం చీరాల ఒడ్డున ఎండుచేపలు ఆరేసిన మధ్యాహ్నం గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. "దీనికి కూడా ఏడుస్తావేంటే" అని పెద్దక్క నాకు చేతిగుడ్డ ఇవ్వబోయి, నేను తీసుకునేలోపు తన ముక్కుకే పెట్టుకుంది. ఇక నల్గొండ సముద్రాన్ని మొదటిసారి చూసింది. చెప్పులు చేత్తో పట్టుకుని, అల పాదాల దాకా వచ్చి వెళ్ళేది చూస్తూ నిలబడి, చివరికి, "ఇన్ని నీళ్ళు ఎవరికని పెట్టిండు దేవుడు" అంది, కాస్త కోపంగా.

మూడో రోజు పొద్దున చిన్న చిన్న దీవులు చూపించే పడవ ఎక్కాం. అందులో మాతోపాటు ఒక పెద్ద గుంపు ఎక్కింది. ఎర్రగా కమిలిన భుజాలు, పాకం పట్టినట్టు ఒళ్ళంతా సన్‌క్రీం. వాళ్ళు నోరు తెరిచారో లేదో మా ముగ్గురికీ గుండె జారింది. ఐర్లండ్ వాళ్ళు. అందులోనూ డబ్లిన్ యాస కాదు, మా చుట్టుపక్కల యాస. అత్లోన్‌కి అరగంట దూరంలోని ఒక పల్లె నుంచి, కూతురి పెళ్ళి సముద్రం ఒడ్డున చెయ్యాలని ఇంతదూరం వచ్చిన కుటుంబం. పెళ్ళి మర్నాడు సాయంత్రం. ఎవరూ ఎరగని చోటు అని మేం భూగోళంలో సగం చుట్టి వస్తే, పక్క పల్లె మాకన్నా ముందే వచ్చి కూర్చుంది.

పెళ్ళికూతురి తల్లి నా పక్కనే సర్దుకుంది. గడ్డిటోపీ పెట్టుకున్న లావుపాటి మనిషి, నవ్వితే పడవ ఊగేది. (ఆవిడ ఇంగ్లీషులో అన్నవన్నీ నేను తెలుగులోనే చెబుతున్నాను. ఆ యాస మాత్రం మీరే ఊహించుకోవాలి.) మేమూ ఐర్లండ్ నుంచే అని తెలిశాక ఆవిడ సంతోషానికి హద్దు లేదు. వరసగా అందరి ఉద్యోగాలూ అడిగింది. పెద్దక్క తడుముకోకుండా లెక్కల టీచరునంది. నల్గొండ లెపర్డ్స్‌టౌన్‌లో సాఫ్ట్‌వేర్ అంది. అంతే, అవతల కూర్చున్న పెళ్ళికొడుకు ఆశగా ఇటు తిరిగాడు. అతనిదీ లెపర్డ్స్‌టౌన్‌లోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

"ఏ లాంగ్వేజ్‌లో పని చేస్తారు?" అని అడిగాడు.

నల్గొండ ఒక్క క్షణం ఆలోచించి, "ఎక్కువ తెలుగులనే" అంది.

అతను చాలా మర్యాదస్తుడు. ఆ పేరుతో కొత్త లాంగ్వేజ్ వచ్చినట్టుంది, చూడాలి అన్నాడు. నేను నవ్వు ఆపుకోలేక సముద్రం వైపు తిరిగేసరికి, ఆవిడ నా మోచెయ్యి తట్టి, "మరి నువ్వు, లవ్?" అంది. (మనం అమ్మా అన్నట్టు, అక్కడ అందరినీ అలాగే పిలుస్తారు.) నా ఎదురుగా ఆవిడ కూతురి రాగిరంగు జుట్టు గాలికి ఎగురుతోంది. భుజాలు దాటి ఓ జానెడు ఉంటుంది. దాన్నే చూస్తున్నానేమో, నోటికి ఆ మాటే వచ్చింది. "హెయిర్ డ్రెస్సర్ని" అన్నాను.

పెద్దక్క నా కాలు తొక్కింది. అప్పటికే ఆలస్యమైంది.

ఆలస్యమైందని తెలిసింది గంట తర్వాత. పడవ ఒక చోట ఆపితే అందరూ అద్దాలు పెట్టుకుని చేపల్ని చూడ్డానికి నీళ్ళలోకి దిగారు. దిగిన కాసేపటికే పెళ్ళికూతురి స్నేహితురాలు కేక పెట్టి పైకొచ్చింది. కుడిచేతికి జెల్లీఫిష్ తగిలింది. మణికట్టు నుంచి వేళ్ళ దాకా ఎర్రటి చారలు తేలాయి. ఇక పెద్దక్క లెక్కల టీచరు ఉద్యోగం అక్కడితో సరి. ఒక్క గెంతులో ఆ పిల్ల దగ్గరుంది. "గోకకు. ఉప్పునీళ్ళతోనే కడగాలి. వెనిగర్ ఉందా?" అని పడవవాళ్ళని అడిగి, వాళ్ళిచ్చిన సీసా వంచి, చర్మానికి అంటుకున్న దారాల్లాంటివి ఒక్కొక్కటే తీసి, రెండో చేతి నాడి పట్టుకుని గడియారం చూస్తూ, "ఊపిరి బాగానే ఆడుతోందా? ఏ మందైనా పడదా నీకు?" అని వరసగా అడిగింది. అందరూ నోళ్ళు తెరుచుకుని చూశారు.

"లెక్కల టీచరుకి ఇవన్నీ ఎలా తెలుసు?" అంది పెళ్ళికూతురి తల్లి.

"బడిలో పిల్లలు పడుతూ ఉంటారు కదండీ" అంది పెద్దక్క, ఆవిడ కళ్ళలోకి చూడకుండా.

ఆ పిల్లకి ప్రమాదం ఏమీ లేదు. చెయ్యి మాత్రం బూరెలా పొంగింది. రెండు రోజులు దువ్వెన పట్టుకోలేదు. దువ్వెన మాట ఎందుకంటే, పెళ్ళికూతురికి జుట్టు సింగారించాల్సిన మనిషి ఆ పిల్లే. ఊళ్ళో సొంత సెలూన్ ఉంది, సామాను కూడా వెంట తెచ్చుకుంది. ఈ సంగతి మాకు అప్పుడే తెలిసింది. పెళ్ళికూతురు రెండు చేతులతో జుట్టు ముడిగా పట్టుకుని నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది. అప్పుడు ఆ తల్లి మెల్లగా తల తిప్పి నన్ను చూసింది. నా జీవితంలో నన్ను అంత ఆశగా ఎవరూ చూడలేదు, ఆ తర్వాత నన్ను పెళ్ళాడిన మనిషితో సహా.

"లవ్, దేవుడే నిన్ను ఈ పడవ ఎక్కించాడు" అంది.

ఆ రాత్రి ఎలా గడిచిందో చెప్పను. పొద్దున ఫలహారం దగ్గర నల్గొండ, "అక్కా, గిట్ల అబద్ధం జెప్తే గార్డులు వట్టుకపోతరా?" అని అడిగింది. గార్డులంటే ఐర్లండ్ పోలీసులు, ఇది వియత్నాం అని చెబితే, "మరి ఈడోళ్ళు ఇంకా గట్టిగుంటరేమో" అంది. పెద్దక్క మాత్రం రొట్టెకి వెన్న రాస్తూ, "ఇప్పుడే వెళ్ళి నిజం చెప్పేసెయ్. ఎవరికీ ఏం కాదు" అంది. అదే సరైన మాట. చెప్పాలనే వాళ్ళు దిగిన హోటల్‌కి బయల్దేరాను. తలుపు తెరవగానే ఆ తల్లి నన్ను గుండెలకి హత్తుకుంది. అద్దం ముందు కూతురు కూర్చుని ఉంది. బల్ల మీద దువ్వెనలు, క్లిప్పులు, రంగురంగుల సీసాలు ఆపరేషన్ సామాన్లంత పద్ధతిగా పరిచి ఉన్నాయి. నిజం చెప్పాల్సిందాన్ని, ముందు చేతులు కడుక్కుంటానన్నాను.

ఇంతకీ నాకు జుట్టుపని రెండే రకాలు వచ్చు. ఒకటి మా అమ్మ నేర్పిన జడ. రెండోది మా నర్సింగ్ హోంలో శనివారం శనివారం అవ్వలకి రోలర్లు చుట్టడం. పెళ్ళికూతురు తన ఫోనులో ఒక బొమ్మ చూపించింది. అలలు అలలుగా వదిలేసిన జుట్టు, పైన సగం మెలితిప్పి పిన్నులు. అలలకి రోలర్లు పనికొస్తాయని నాకు నేనే చెప్పుకుని చుట్టడం మొదలుపెట్టాను. గంట తర్వాత విప్పి, వేళ్ళతో సర్ది, రెండడుగులు వెనక్కి వేసి చూశాను. అద్దంలో మా నర్సింగ్ హోం రెండో అంతస్తులో ఉండే తొంభై ఏళ్ళ అవ్వ కూర్చుని ఉంది. జుట్టు రాగిరంగు, మొహం ఇరవై తొమ్మిదేళ్ళది, తల మాత్రం అచ్చంగా అవ్వది.

పెళ్ళికూతురు అటు తిరిగి చూసింది, ఇటు తిరిగి చూసింది.

"గ్రాండ్" అంది.

ఐర్లండ్‌లో కొన్నాళ్ళున్నవాళ్ళకి తెలుస్తుంది, గ్రాండ్ అనే మాటకి పది అర్థాలుంటాయి. బాగుంది అనేది అందులో ఒకటి మాత్రమే. ఆ పిల్ల అన్నది పదో రకం. ఇల్లు కాలిపోతున్నా పక్కింటివాళ్ళని ఇబ్బంది పెట్టడం ఇష్టం లేనివాళ్ళు అనే గ్రాండ్.

దువ్వి మళ్ళీ మొదలుపెడదామని వంగి, మెడ దగ్గర జుట్టు పక్కకి తీశాను. గౌను భుజం కొంచెం జారింది. భుజానికీ గొంతుకీ మధ్య ఎముక కింద, కుడివైపు, అంగుళమంత మచ్చ. హెయిర్ డ్రెస్సర్‌కి అది ఒక మచ్చ. నాకు కాదు. నెలల తరబడి, జుట్టు కూడా రాలిపోయేంత ఘాటైన మందులు ఎక్కించాల్సిన వాళ్ళకి చర్మం కింద ఒక గొట్టం అమరుస్తారు. అది తీసేసిన చోటు అలాగే ఉంటుంది. ఈ జుట్టు ఎందుకు భుజాలు దాటి జానెడే ఉందో, నిన్న పడవలో ఆ పిల్ల రెండు చేతులతో దాన్ని ఎందుకు అలా పట్టుకుందో ఒక్కసారిగా తెలిసింది. నా చేతిలో దువ్వెన ఆగిపోయింది. తల ఎత్తితే అద్దంలో ఆ పిల్ల నన్నే చూస్తోంది.

"అదేంటో నీకు తెలుసు" అంది.

"తెలుసు" అన్నాను. "నేను హెయిర్ డ్రెస్సర్ని కాదు. నర్సుని. అబద్ధం చెప్పాను. నన్ను క్షమించు."

నేను ఆ తల్లి వైపు తిరిగి, ఏడుపు గొంతుతో అంతా చెప్పేశాను. పెద్దక్క చట్టం, మోకాళ్ళు, చర్చి దగ్గర కాలివేలు. చెబుతుంటే ఎంత చిన్న కారణానికి ఎంత పెద్ద పని చేశానో నాకే వినపడుతోంది. ఆవిడ అంతా విని టోపీ తీసి మంచం మీద పెట్టింది.

"నర్సువని తెలుసు లవ్. పొద్దున్నే తెలిసింది" అంది.

"ఎలా?"

"నా కూతురితో రెండేళ్ళు ఆసుపత్రుల్లో ఉన్నాను. జుట్టు ముట్టుకునే ముందు మోచేతుల దాకా సబ్బు రాసి, వేళ్ళ సందులన్నీ తోమి, కుళాయి మోచేత్తో కట్టే హెయిర్ డ్రెస్సర్ని నేనింతవరకు చూడలేదు."

"మరి తెలిసీ ఎందుకు చెయ్యనిచ్చారు?"

"ఇంకెవరున్నారు?" అందావిడ. "పైగా నర్సులైతే నొప్పి పుట్టకుండా దువ్వుతారు."

పెళ్ళికూతురు ముందు నవ్వింది. నవ్వుతూ అద్దంలో తన తల మళ్ళీ చూసుకుని ఇంకా నవ్వింది, కళ్ళనుంచి నీళ్ళు కారేదాకా. ఆ నీళ్ళలో నవ్వువి ఎన్నో తక్కినవి ఎన్నో నేను లెక్కపెట్టలేదు. తుడుచుకున్నాక అడిగింది. "సరే. నీకు నిజంగా వచ్చింది ఏది?"

"జడ" అన్నాను. "మా వైపు పెళ్ళికూతుళ్ళకి వేసే పూలజడ." ఫోనులో మా అక్క పెళ్ళిఫోటో చూపించాను. వీపు నిండా పరుచుకున్న తెల్లటి పూలు, మధ్యలో ఎర్రవి. ఆ పిల్ల దాన్ని వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూసి, "ఇది కావాలి" అంది. "కానీ నా జుట్టు అంత లేదు."

"మా వైపు ఎవరికీ అంత ఉండదు" అన్నాను. "సవరం పెట్టి పొడుగు చేస్తాం."

పెద్దక్కకి, నల్గొండకి ఫోను చేశాను. పావుగంటలో మోటార్‌సైకిల్ మీద వచ్చిపడ్డారు. సవరం కోసం ఆ దీవిలో రాగిరంగు ఎక్కడ దొరుకుతుందా అని నేను తల పట్టుకుంటే, పెద్దక్క కళ్ళు నల్గొండ మెడ మీద పడ్డాయి. పండక్కి వాళ్ళమ్మ పంపిన పట్టుచున్నీ, సరిగ్గా ఆ పిల్ల జుట్టు రంగు.

"గిది కొత్తది అక్కా. ఇంకొక్కసారి గూడ ఉతకలే" అంది నల్గొండ, చున్నీని రెండు చేతులా పట్టుకుని.

నేను ఫోనులో తనకి చెప్పిన మచ్చ సంగతి పెద్దక్క నెమ్మదిగా దాని చెవిలో చెప్పింది. నల్గొండ వెంటనే చున్నీ తీసి తనే మూడు పాయలుగా చింపింది.

పూల కోసం హోటల్ తోటలోకి పరిగెత్తాను. తాటాకు టోపీ పెట్టుకుని ఒకావిడ మొక్కలకి నీళ్ళు పోస్తోంది. నాకు ఆవిడ భాష రాదు, ఆవిడకి నాది రాదు. నా వీపు మీద జడ పొడుగునా చేత్తో చూపించి, కంచెకి పూసిన నందివర్ధనాలు చూపించి, గుచ్చుతున్నట్టు వేళ్ళు ఆడించాను. ఆవిడ నీళ్ళగొట్టం కింద పడేసి, టోపీ తిరగేసి దాన్నిండా మొగ్గలు కోసింది. దేవగన్నేరు కొమ్మలు వంచి పూలు తుంచి, పాలు కారిపోయేదాకా బక్కెట్లో వేసి ఆడించింది. కాగితపు పూలు కూడా ఓ దోసెడు కోసి నాతోపాటే గదిలోకి వచ్చేసింది. వచ్చి, నల్గొండ గుచ్చుతున్న వంకర దండ చూసి, దాని చేతిలో సూది లాక్కుంది. ఆ తర్వాత దండలన్నీ ఆవిడే గుచ్చింది.

నేనేమో జుట్టు పాయలు తీస్తే పట్టుదారాల్లా జారిపోతున్నాయి. పెద్దక్క సంచీలోంచి కొబ్బరినూనె సీసా తీసింది. అప్పటిదాకా అన్నిటికీ తల ఊపిన పెళ్ళికూతురి తల్లి మంచం మీంచి లేచి నిలబడింది. "నూనా? జుట్టుకా? పెళ్ళిరోజునా?" అంది. నేను నర్సునన్నప్పుడు కూడా ఆవిడ అంత అదరలేదు. పెద్దక్క ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, మా నర్సింగ్ హోంలో మందు వద్దనే ముసలివాళ్ళతో మాట్లాడే గొంతుతో, "నాలుగు చుక్కలేనండీ, తెలియను కూడా తెలియదు" అని కూర్చోబెట్టింది. నాలుగు చుక్కలకి జుట్టు మాట వింది. చున్నీ పాయలు కలిపి నడుం దాకా అల్లాను. మీద దండలు అడ్డంగా పేర్చి సూదితో కుట్టాను. చివర జడకుచ్చులు లేక వెలితిగా ఉందనిపించి నిలబడితే, నల్గొండ కిటికీ దగ్గరికి వెళ్ళి పరదాలకి కట్టిన బంగారురంగు కుచ్చులు రెండు విప్పుకొచ్చింది. (పెళ్ళయ్యాక మళ్ళీ అక్కడే కట్టేశాం.)

పూర్తయ్యాక వెనక ఒక అద్దం పట్టుకుని చూపించాను. పెళ్ళికూతురు ఈసారి గ్రాండ్ అనలేదు. చెయ్యి వెనక్కి పోనిచ్చి, జడ బరువుని అరచేతిలోకి తీసుకుని, కాసేపు అలాగే తూచినట్టు పట్టుకుంది. "బరువుగా ఉంది" అంది. నేను కంగారుపడి తగ్గిస్తానన్నాను.

"వద్దు. ఉండనీ" అంది.

సాయంత్రం సముద్రం ఒడ్డున గాలి హోరెత్తింది. వచ్చిన ఆడవాళ్ళందరి జుట్టూ మొహాల మీద పడి, టోపీలు ఎగిరి, ఫోటోలు తీసేవాడు నెత్తి బాదుకున్నాడు. పెళ్ళికూతురి జడ మాత్రం రాతి మీద చెక్కినట్టు కదల్లేదు. తాటాకు టోపీ ఆవిడ చెట్టు కింద నిలబడి, తను గుచ్చిన వరసలకేసి వేలితో చూపిస్తూ తోటివాళ్ళకి ఏదో చెబుతోంది. నల్గొండ ఏడుస్తుంటే చున్నీ కోసమా అని అడిగాను. "కాదక్కా, మంచిగుంది" అంది.

విందులో పెళ్ళికూతురి తల్లి లేచి గ్లాసు పట్టుకుని నాలుగు మాటలు చెప్పింది. ఆ జడ వేసింది అత్లోన్ నుంచి వచ్చిన ముగ్గురు నర్సులని, వాళ్ళకి చప్పట్లు కొట్టమని అంది. చప్పట్లు ఆగీ ఆగకముందే పెళ్ళికొడుకు మేనమామ కుర్చీ జరుపుకుంటూ మా బల్ల దగ్గరికి వచ్చి, ప్యాంటు మోకాలి దాకా మడవడం మొదలుపెట్టాడు. ఆయన వెనక ఇంకో నలుగురు. పెద్దక్క ప్లేటు పక్కకి తోసి, "రండి, వరసగా రండి" అంది. ఆ ఎనిమిది రోజుల్లో ఆవిడ మొహం అంత కళకళలాడుతూ నేను చూడలేదు. పెళ్ళికొడుకు మాత్రం నల్గొండ దగ్గరికి వచ్చి, ఆ తెలుగు అనే లాంగ్వేజ్ గురించి వెతికాననీ, యాభైకి పైగా అక్షరాలు చూసి వదిలేశాననీ చెప్పి వెళ్ళాడు.

ఇది జరిగి చాలాకాలమైంది. పెద్దక్క ఇప్పుడు డండాక్‌లో ఉంది. నల్గొండ పెళ్ళి చేసుకుని గాల్వే వెళ్ళింది, సముద్రం కనిపించే ఇంట్లోనే. మేం ఈమధ్య ఇల్లు మారుతూ ప్రెస్సులో (ఇక్కడ బీరువాని అలా అంటారు) ఉన్న పాత ఫైళ్ళన్నీ బయటికి తీస్తే, ఒకదాంట్లోంచి మడతపెట్టిన కాగితం ఒకటి జారిపడింది. ఎనిమిదేళ్ళ మా అమ్మాయి తీసి విప్పి చదవడం మొదలుపెట్టింది. అత్లోన్‌లో సాయంత్రంపూట నేర్పే హెయిర్ డ్రెస్సింగ్ కోర్సుకి దరఖాస్తు. నా చేతిరాత. దీవి నుంచి వచ్చిన వారంలోనే తెచ్చుకుని ఉంటాను. అలా తెచ్చుకున్నట్టే నాకు గుర్తులేదు. పేరు, పుట్టినరోజు, చిరునామా అన్నీ ఇంత పెద్ద అక్షరాలతో నింపాను. ఈ పనిలో ముందు అనుభవం ఉంటే రాయండి అన్న చోట, 'ఒక పెళ్ళికూతురు, వియత్నాం' అని రాసి, కింద రెండు గీతలు గీశాను. సంతకం దగ్గర ఖాళీ.

మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో, అదీ ఐర్లండ్ యాసలో వస్తుంది. "మామీ, వర్ యూ ఎ హెయిర్ డ్రెస్సర్?" అంది.

ఆ రెండు గీతలకేసి చూశాను. ఎంత గట్టిగా గీసిందో ఆ ఇరవై ఆరేళ్ళ పిల్ల, కాగితం వెనకవైపుకి కూడా అచ్చు దిగింది.

"అయ్యానమ్మా," అన్నాను, "ఒక్క పూట."